ట్రాక్టర్ రోజంతా తిరిగినా బ్యాటరీ ఎందుకు నిండదు?

పాత ట్రాక్టర్ ఉన్న ఇళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. "నిన్న పొద్దుగూకే దాకా దమ్ము చేసింది. రాత్రి తెచ్చి షెడ్డులో పెట్టాం. తెల్లారి సెల్ఫ్ కొడితే టక్కుమంటుంది తప్ప తిరగదు. పొద్దంతా నడిచిన బండికి బ్యాటరీ ఎలా దిగిపోతుంది?" అలాంటి ట్రాక్టర్‌ని గుర్తుపట్టడం కష్టం కాదు. అదెప్పుడూ వాలులోనే నిలబడి ఉంటుంది. బ్రేకు వదిలితే దొర్లాలి, గేరులో క్లచ్ వదిలితే ఇంజిన్ అందుకోవాలి. వాలు దొరకని చోట నలుగురు చేరి తోయాలి, లేదంటే పక్క పొలం ట్రాక్టర్‌కి గొలుసు వేసి లాగించుకోవాలి.

ప్రశ్న న్యాయమైనదే. ఇంజిన్ తిరిగితే డైనమో తిరుగుతుంది, డైనమో తిరిగితే బ్యాటరీ నిండాలి. మరి మధ్యలో ఏం తెగింది? చాలామంది దీనికి కొత్త బ్యాటరీ కొనడమే జవాబనుకుంటారు. వేలు పోసి తెచ్చిన ఆ కొత్తదీ ఏడాది తిరక్కుండా అదే దారి పడుతుంది. అప్పుడు తిట్లు బ్యాటరీ కంపెనీకి. కానీ బ్యాటరీ తనంతట తాను చెడిందా, లేక దాన్ని నింపాల్సిన ఏర్పాటు సరిగా లేక చెడిందా అన్నది చూడకుండా డబ్బు పెట్టడం అన్యాయం. చాలినంత కరెంటు అందకపోయినా బ్యాటరీ చస్తుంది, మోతాదు మించి అందినా చస్తుంది. ఈ రెండు చావుల ఆనవాళ్లు వేరు. వాటిని గుర్తుపట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

డీజిల్ ట్రాక్టర్‌లో ఈ లోపం నెలల తరబడి దాక్కుంటుంది. ఎందుకో ముందు చూడాలి. పెట్రోలు ఇంజిన్‌లో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టాలంటే కరెంటు కావాలి. ఇంగ్లండులోని కోవెంట్రీలో 1946 నుంచి తయారైన ఫెర్గూసన్ టీఈ-20 పెట్రోలు ట్రాక్టర్లు ఇలాంటివే. వాటిలో డైనమో పనిచేయక బ్యాటరీ పూర్తిగా దిగిపోతే ఇంజిన్ చాలు మధ్యలోనే ఆగిపోతుంది. డీజిల్ ఇంజిన్ సంగతి వేరు. సిలిండర్‌లో గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. పాత ట్రాక్టర్లలో డీజిల్ పంపుని కూడా ఇంజిన్ పళ్లచక్రాలే తిప్పుతాయి. ఒకసారి అందుకున్నాక బ్యాటరీలో చుక్క కరెంటు లేకపోయినా సాయంత్రం దాకా దున్నుతుంది. అందుకే "బండి బాగానే నడుస్తోంది కదా" అనే ధీమాలో డైనమో చచ్చిన సంగతి ఎవరికీ తెలియదు. తెల్లవారి సెల్ఫ్ కొట్టినప్పుడే బయటపడుతుంది.

తొట్టి, మోటారు, మధ్యలో వాల్వు

పొలంలో బోరు మోటారు, గట్టు మీద సిమెంటు తొట్టి, రెంటినీ కలిపే పైపు. ఛార్జింగ్ ఏర్పాటు మొత్తాన్ని ఈ మూడింటితోనే అర్థం చేసుకోవచ్చు. తొట్టి బ్యాటరీ. మోటారు డైనమో. తొట్టిలో నీరు ఎంత ఎత్తున ఉందో, మోటారు అంతకంటే ఎక్కువ ఒత్తిడితో తోస్తేనే పైపులోంచి నీరు ఎక్కుతుంది. విద్యుత్తులో ఆ ఒత్తిడి పేరు వోల్టేజి. పైపులో నీరు ఎంత జోరుగా పారుతోందన్నది ఆంపియర్లలో కొలిచే కరెంటు. తొట్టి ఎంత పెద్దదన్నది ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ మీద రాసి ఉండే 75 లేదా 88 లాంటి అంకె.

నిండిన 12 వోల్టుల బ్యాటరీ నిజానికి 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. దానిలోకి కరెంటు ఎక్కాలంటే డైనమో 14 వోల్టుల చుట్టుపక్కల తోయాలి. ఇంజిన్ నెమ్మదిగా గుడగుడలాడుతూ నిలబడి ఉన్నప్పుడు పాత డైనమోకి ఆ బలం ఉండదు. ఒత్తిడి 12కి దిగువనే ఆగిపోతే బ్యాటరీలోకి ఏమీ రాదు. పైగా వాల్వు లేకపోతే తొట్టి నీరు వెనక్కి బోరులోకే జారినట్టు, బ్యాటరీలోని కరెంటు డైనమోలోకి తిరుగు దారి పడుతుంది. అందుకే పైపు మధ్యలో వెనక్కి పారనివ్వని వాల్వు కావాలి. తొట్టి నిండాక మోటారు అదే జోరున తోస్తే నీరు పొర్లి గట్టు కోసుకుపోతుంది కాబట్టి, మోటారు జోరు తగ్గించే మనిషి కూడా కావాలి. ట్రాక్టర్‌లో ఈ రెండు పనులూ అరచేతిలో పట్టే ఒక నల్ల డబ్బా చేస్తుంది.

ఇప్పుడు చిన్న లెక్క. సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు 250 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. ఇంజిన్ అందుకోవడానికి 5 సెకన్లు పట్టింది. అంత భారీ కరెంటు చూసి సగం బ్యాటరీ ఖాళీ అయ్యుంటుందనుకుంటారు. నిజానికి ఖర్చయింది ఒక ఆంపియర్-అవర్‌లో మూడో వంతు. డైనమో 10 ఆంపియర్లు ఇస్తే దాన్ని రెండు, మూడు నిమిషాల్లో పూడ్చేస్తుంది. అంటే స్టార్ట్ చేయడం వల్ల బ్యాటరీ దిగిపోదు. దించేవి వేరే ఉన్నాయి. రెండు 55 వాట్ల హెడ్‌లైట్లు కలిసి 9 ఆంపియర్లు తాగుతాయి. నూర్పిడి కళ్లంలో ఇంజిన్‌ని నెమ్మదిగా వదిలి, లైట్లు వేసి, ట్రాలీలో పాటల పెట్టె మోగిస్తే డైనమో నుంచి ఒక్క ఆంపియర్ కూడా రాకుండా గంటల తరబడి బ్యాటరీ ఒక్కటే అన్నిటినీ మోస్తుంది. 75 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఆ రెండు లైట్లకే ఎనిమిది గంటలు మించి చాలదు. సగం ఖాళీ అయినప్పటికే తెల్లవారి సెల్ఫ్ మూలగడం మొదలుపెడుతుంది.

సీసం, ఆమ్లం, వేసవి

బ్యాటరీలోపల ఆరు అరలుంటాయి. ఒక్కో అర రెండు వోల్టుల పైచిలుకు ఇస్తే ఆరూ కలిసి 12.6 అవుతాయి. ఒక్కో అరలో రెండు రకాల పలకలు. ఒకటి మెత్తటి స్పాంజి సీసం, ఇంకొకటి గోధుమరంగు సీసపు డయాక్సైడ్. చుట్టూ నీళ్లు కలిపిన గంధకామ్లం. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను ఒకదానికొకటి తగలకుండా చుట్టగా చుట్టి ఆమ్లంలో ముంచి, మళ్లీ మళ్లీ నింపుకోగలిగిన మొదటి బ్యాటరీ చేశాడు. 1881లో కామిల్ ఫోర్ సీసపు పలకలకు సీసపు ఆక్సైడ్ ముద్ద పూసి దాని సామర్థ్యం బాగా పెంచాడు. ఇవాళ ట్రాక్టర్ సీటు కిందో, బానెట్ లోపలో ఉన్నది మూలసూత్రంలో ఆ వస్తువే.

కరెంటు వాడుతుంటే రెండు పలకలూ ఆమ్లంలోని గంధకాన్ని పీల్చుకుని సీసపు సల్ఫేటుగా మారతాయి. ఆమ్లం పలచబడి నీళ్ల వైపు జరుగుతుంది. ఛార్జ్ చేస్తే అంతా వెనక్కి తిరుగుతుంది. గాజు గొట్టంలో బుడ్డి తేలే హైడ్రోమీటర్ చెప్పేది ఈ చిక్కదనమే. 1.26 దాటితే నిండినట్టు, 1.20 దగ్గర సగం, 1.12 దగ్గర ఖాళీ. వేడి ప్రాంతాల కోసం కొంచెం పలచటి ఆమ్లంతో తయారైన బ్యాటరీల్లో ఈ అంకెలు కాస్త తక్కువగా ఉంటాయి. మూతలు తీయగలిగిన బ్యాటరీకి ఇంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు. ఆరు అరల్లో ఐదు బాగుండి ఒక్కటే బాగా తక్కువ చూపిస్తే ఆ అర చచ్చినట్టే. అప్పుడు మాత్రం నిజంగా బ్యాటరీదే తప్పు.

చాలినంత కరెంటు అందకపోవడం వల్ల వచ్చే చావు ఇలా మొదలవుతుంది. పలకల మీద కొత్తగా ఏర్పడిన సల్ఫేటు సన్నని పొడిలా ఉండి, ఛార్జింగ్‌కి తేలిగ్గా కరిగిపోతుంది. బ్యాటరీని సగం దిగిన స్థితిలో వారాల తరబడి వదిలేస్తే ఆ పొడి గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది. తర్వాత ఎంత ఛార్జ్ చేసినా అవి కరగవు. దమ్ములు అయిపోయి ట్రాక్టర్‌కి పని లేని నెలల్లో షెడ్డులో జరిగేది ఇదే. బండి నిలబడి ఉంది కాబట్టి ఏమీ కాదనుకుంటారు. నిలబడి ఉండటమే అసలు దెబ్బ.

రెండో చావు మోతాదు మించడం వల్ల. 14.4 వోల్టులు దాటుతుంటే కరెంటు పలకలను నింపడం మాని నీళ్లను హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టడం మొదలుపెడుతుంది. అరలు బుడబుడలాడతాయి. నీటి మట్టం దిగి పలకల పైభాగం గాలికి తేలుతుంది. అక్కడ పలక ఎండి పనికిరాకుండా పోతుంది. వారానికోసారి నీళ్లు పోయాల్సి వస్తుంటే అది బ్యాటరీ దాహం కాదు, డబ్బా మోతాదు తప్పిందన్న కబురు. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. బోరు నీటిలో కరిగిన ఇనుము, క్లోరైడ్ లవణాలు పలకలను తినేస్తాయి. "బలం కోసం" ఆమ్లం పోయడం ఇంకా పెద్ద పొరపాటు. ఆవిరైపోయేది నీళ్లు, ఆమ్లం లోపలే ఉంటుంది. మళ్లీ ఆమ్లం పోస్తే చిక్కదనం హద్దు దాటి పలకలను కొరికేస్తుంది. ఇంకో మాట: గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే చాలు, నిప్పు తగిలితే పేలుతుంది. చీకట్లో నీళ్లు ఎంత ఉన్నాయో చూడటానికి అగ్గిపుల్ల గీయడం, నోట్లో బీడీతో బ్యాటరీ మీదకి వంగడం ప్రాణాలతో ఆట. బ్యాటరీ పేలితే ఆమ్లం ముందుగా చేరేది కళ్లలోకే.

వేసవి ఈ రెండు చావులనూ తొందరపెడుతుంది. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మేలో గాలి వేడే 45 డిగ్రీలు దాటుతుంది. ఇంజిన్ పక్కన ఉన్న బ్యాటరీ అంతకంటే వేడిగా ఉంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే, ఏమీ వాడకపోయినా బ్యాటరీ తనలో తాను దిగిపోయే వేగం సుమారు రెట్టింపవుతుంది. వేడిగా ఉన్న బ్యాటరీకి తక్కువ వోల్టేజి చాలు. చలికాలపు మోతాదే వేసవిలోనూ ఇస్తే బుడబుడలు మొదలవుతాయి.

ఇనుము దాచుకున్న అయస్కాంతం

ఇంగ్లండులో మైకేల్ ఫారడే 1831లో తీగచుట్టలోకి అయస్కాంతాన్ని జొనిపి, తీసి, ఆ కదలిక వల్ల తీగలో కరెంటు పుట్టడం చూశాడు. డైనమో అంతా ఆ పరిశీలన మీదే నిలబడింది. రాగి తీగ చుట్టిన ఆర్మేచర్‌ని ఫ్యాన్ బెల్టు తిప్పుతుంది, చుట్టూ అయస్కాంతం ఉంటుంది. అయితే ఆ అయస్కాంతం ఎక్కడిది? డైనమో విప్పి చూస్తే లోపల ఎర్రటి అయస్కాంతం ముక్క ఏదీ కనిపించదు. ఇనుప దిమ్మెలు, వాటి చుట్టూ ఫీల్డ్ చుట్టలు మాత్రమే. ఫీల్డ్‌లో కరెంటు పారితేనే ఇనుము అయస్కాంతమవుతుంది. ఆ కరెంటు డైనమోనే ఇవ్వాలి. అయస్కాంతం లేకుండా కరెంటు పుట్టదు, కరెంటు లేకుండా అయస్కాంతం లేదు.

ఈ చిక్కుముడికి 1866, 67 ప్రాంతంలో జర్మనీలో వెర్నర్ సీమెన్స్, ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టోన్ వేర్వేరుగా జవాబు చూపారు. వారికి ముందే హంగరీలో ఆన్యోష్ యెడ్లిక్ అదే ఆలోచన చేశాడు. ఒకసారి అయస్కాంతంగా మారిన ఇనుము కరెంటు ఆగిపోయినా ఆ గుణాన్ని పూర్తిగా వదలదు, లేశమంత దాచుకుంటుంది. దీన్ని మిగులు అయస్కాంతం అనవచ్చు. ఆర్మేచర్ తిరగడం మొదలవగానే ఆ లేశంతో అర వోల్టో ఒక వోల్టో పుడుతుంది. అది ఫీల్డ్‌లోకి వెళ్లి అయస్కాంతాన్ని కాస్త బలపరుస్తుంది. బలపడిన అయస్కాంతం ఇంకొంచెం వోల్టేజి పుట్టిస్తుంది. కన్ను మూసి తెరిచేలోగా అర వోల్టు పద్నాలుగు అవుతుంది. బయటి నుంచి ఎవరూ ఏమీ అందించకుండా ఒక యంత్రం తన బలాన్ని తానే పెంచుకోవడం ఇంజనీరింగ్ చరిత్రలోని గొప్ప ఘట్టాల్లో ఒకటి. అది పాత ట్రాక్టర్ పక్కన రోజూ జరుగుతూనే ఉంది.

కొన్నేళ్లు మూలపడిన ట్రాక్టర్‌ని బయటికి తీసినప్పుడు అన్నీ బాగున్నా డైనమో పలకకపోతే కారణం చాలాసార్లు ఇదే. ఇనుము ఆ లేశాన్ని కూడా పోగొట్టుకుంది. ఫీల్డ్ తీగని డబ్బా నుంచి విప్పి, బ్యాటరీలో బాడీకి కలపని కొసనుంచి ఒక తీగ తెచ్చి డైనమో ఫీల్డ్ కొసకి రెండు మూడు సార్లు క్షణం పాటు తాకిస్తే ఇనుము మళ్లీ అయస్కాంతమవుతుంది. చిన్న నిప్పురవ్వ వస్తుంది, అంతే పని. ప్లస్, మైనస్ ఎటువైపు అన్నది కూడా అప్పుడే నిర్ణయమవుతుంది. అప్పటి బ్రిటిష్ ట్రాక్టర్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్ కొసని బాడీకి కలిపేవారు. అమెరికాలో 1947 నుంచి 1952 దాకా తయారైన ఫోర్డ్ 8ఎన్‌కీ అంతే, పైగా అది 6 వోల్టులది. బాడీకి ఎప్పుడూ మైనస్సే అనుకుని తిరగేసి బిగించడం వల్ల దెబ్బతిన్న బండ్లు తక్కువేం కాదు.

ఆర్మేచర్‌లో పుట్టే కరెంటు ప్రతి అర చుట్టుకీ దిక్కు మార్చుకుంటుంది. బ్యాటరీకి మాత్రం ఒకే దిక్కున పారే కరెంటు కావాలి. ఆర్మేచర్ చివర రాగి ముక్కలు వరసగా పేర్చిన గుండ్రటి కమ్యుటేటర్, దాని మీద ఒరుసుకునే రెండు కార్బన్ బ్రష్‌లు ఆ దిక్కుని సరిచేస్తాయి. డైనమో అరిగేది ఇక్కడే. కార్బన్లు అరిగి పొట్టివైతే స్ప్రింగు వాటిని గట్టిగా ఆనించలేదు. దమ్ములో ఎగిరిన బురదనీరు, ఇంజిన్ నుంచి కారిన ఆయిలు కమ్యుటేటర్ మీద నల్లటి పొర కడతాయి. ఇవేవీ లేకపోయినా బెల్టు వదులైతే చాలు, డైనమో జారుతూ తిరుగుతుంది. పుల్లీల మధ్య బెల్టుని బొటనవేలితో నొక్కితే అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా దిగాలి. అంతకంటే వదులైతే ఛార్జింగ్ పోతుంది, మరీ బిగిస్తే డైనమో బేరింగ్ పోతుంది.

నల్ల డబ్బాలో రెండు చుట్టలు

మద్రాసులో 1960లో టాఫే ఏర్పడి మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు కట్టడం మొదలుపెట్టింది. 1961లో ఏర్పడిన లూకాస్-టీవీఎస్ బ్రిటన్ లూకాస్ కంపెనీ నమూనాలో డైనమోలు, సెల్ఫ్ మోటార్లు తయారుచేసింది. ఆ నమూనా నల్ల డబ్బా మీద ఏ, ఎఫ్, డీ, ఈ అనే ఇంగ్లిషు అక్షరాలుంటాయి. 'డీ'కి డైనమో పెద్ద తీగ, 'ఎఫ్'కి ఫీల్డ్ తీగ, 'ఏ'కి ఆంపియర్ మీటర్ మీదుగా బ్యాటరీ, 'ఈ'కి బాడీ ఎర్త్. మూత తీస్తే ఇనుప కాడల మీద చుట్టిన రెండు రాగి చుట్టలు, వాటి నెత్తిన స్ప్రింగుతో పట్టి ఉంచిన రేకులు, రేకుల కొసన కాంటాక్టులు. ఇందులో దాచిన కిటుకేమీ లేదు, జరిగేదంతా కంటికి కనిపిస్తుంది.

మొదటి చుట్ట కటౌట్. డైనమో వోల్టేజి 13 దగ్గరికి రాగానే దాని అయస్కాంతం రేకుని కిందికి లాగుతుంది. టక్కుమని కాంటాక్టులు కలిసి డైనమోకీ బ్యాటరీకీ దారి ఏర్పడుతుంది. ఇంజిన్ నెమ్మదించి కరెంటు వెనక్కి పారబోతే, ఆ ఎదురు కరెంటే అయస్కాంతాన్ని బలహీనపరచి రేకుని వదిలేస్తుంది. కాంటాక్టులు కాలి అతుక్కుపోతే మాత్రం ఇంజిన్ ఆపాక కూడా బ్యాటరీ రాత్రంతా డైనమోలోకి కారుతుంది, తీగలు కాలిపోయే ప్రమాదమూ ఉంటుంది. ఇంజిన్ ఆగాక డైనమో ఒంటి మీద చెయ్యి వేస్తే అదింకా వేడెక్కుతూ ఉంటే అనుమానించాల్సింది కటౌట్‌నే. వెంటనే బ్యాటరీ తీగ విప్పేయాలి.

రెండో చుట్ట రెగ్యులేటర్. దీని కాంటాక్టులు మామూలుగా కలిసే ఉంటాయి, ఫీల్డ్‌కి నిండు కరెంటు వెళుతుంది. వోల్టేజి హద్దుకి చేరగానే రేకు కదిలి కాంటాక్టులు విడిపోతాయి. ఫీల్డ్ కరెంటు ఒక రెసిస్టర్ గుండా చుట్టు తిరిగి తగ్గిపోతుంది, వోల్టేజి పడుతుంది. పడగానే కాంటాక్టులు మళ్లీ కలుస్తాయి. ఇది సెకనుకు పదుల సార్లు జరుగుతుంది. ఆ వణుకులోంచి నిలకడైన సగటు వోల్టేజి పుడుతుంది. దీనికి తోడు బ్యాటరీకి వెళ్లే పెద్ద కరెంటుని కూడా కొన్ని చుట్లు ఈ కాడ మీదుగానే తిప్పారు. బాగా దిగిన బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగబోతే ఆ చుట్లు వోల్టేజిని ముందే తగ్గించి డైనమోని కాలిపోకుండా కాపాడతాయి. రేకు స్ప్రింగు పక్కన రెండు లోహాలు అతికిన పట్టీ ఉంటుంది. వాతావరణం వేడెక్కితే అది వంగి హద్దుని కాస్త దించుతుంది. వేసవి బ్యాటరీకి తక్కువ వోల్టేజి చాలన్న సంగతి కంప్యూటర్ లేని ఈ డబ్బాకి ఆ పట్టీ వల్లే తెలుసు.

ఈ డబ్బా విలువ తెలియాలంటే అది లేని రోజులు చూడాలి. అమెరికాలో 1939లో వచ్చిన ఫార్మాల్ హెచ్, ఎం ట్రాక్టర్లలో లైట్ల స్విచ్చికి నాలుగు స్థానాలు: తక్కువ ఛార్జింగ్, ఎక్కువ ఛార్జింగ్, మసక లైట్లు, ప్రకాశమైన లైట్లు. జనరేటర్‌లో మూడో బ్రష్ కరెంటుని ఒక మేరకు అదుపు చేసేది. మిగతా తీర్పు రైతుదే. పొద్దున్న స్టార్ట్ చేశాక కాసేపు ఎక్కువలో ఉంచి తర్వాత గుర్తుపెట్టుకుని తక్కువకి తిప్పాలి. మరిచిపోతే బ్యాటరీ ఉడికిపోతుంది. ఆ పని మనిషి మీద నుంచి తీసేసిన డబ్బాని కొందరు స్క్రూడ్రైవర్‌తో ఇష్టమొచ్చినట్టు వంచేస్తారు. స్ప్రింగు కాస్త బిగిస్తే ఛార్జింగ్ పెరిగినట్టు కనిపిస్తుంది నిజమే, ఆ పెరిగినది బ్యాటరీలోని నీళ్లను మరిగించడానికే. కాంటాక్టులు నల్లబడితే సన్నని రాయితో సుతారంగా రుద్ది, స్పిరిట్ తడి గుడ్డతో తుడిస్తే చాలు. 'ఈ' తీగ వదులై ఎర్త్ అందకపోతే రెండు చుట్టలకూ కరెంటు ఆగుతుంది. కటౌట్ కలవదు, బ్యాటరీకి చుక్క రాదు. మరోవైపు డైనమో వోల్టేజికి పగ్గం ఉండదు. మొత్తం డబ్బా మార్చే ముందు ఆ ఒక్క మర బిగించి చూడటం మంచిది.

మీటరు పెట్టి వెతకడం

కొన్ని వందల రూపాయల మల్టీమీటర్ ఉంటే సగం వాదనలు అక్కడికక్కడే తేలిపోతాయి. రాత్రంతా ఆగిన ట్రాక్టర్ బ్యాటరీ కొసల మీద 12.6 ఉంటే నిండుగా ఉంది, 12.2 అంటే సగం, 12.0కి దిగితే దాదాపు అడుగంటింది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10కి కాస్త దిగువ దాకా పడటం సహజం, 8కో 7కో పడితే బ్యాటరీ దిగి ఉండాలి లేదా చెడి ఉండాలి. 12.6 నిలకడగా చూపిస్తూ సెల్ఫ్ మాత్రం తిరగకపోతే బ్యాటరీని వదిలి తీగల వైపు చూడాలి. కొసల మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి బూజు, బాడీకి బిగించిన చోట తుప్పు, ఇవి 250 ఆంపియర్లకు అడ్డుగోడలు. కొసలు విప్పి, తోమి, బిగించి పైన వ్యాసలిన్ రాస్తే చాలాసార్లు "చచ్చిన" బ్యాటరీ లేచి కూర్చుంటుంది.

తర్వాత ఇంజిన్‌ని మధ్యస్థ వేగంలో ఉంచి అవే కొసల మీద చూడాలి. 13.8 నుంచి 14.5 లోపు ఉంటే అంతా సవ్యం. ఆగినప్పుడు చూపిన అంకె దగ్గరే నిలిచిపోతే ఛార్జింగ్ లేదు. 15 దాటితే మోతాదు మించుతోంది, డబ్బా సంగతి చూడాలి.

ఛార్జింగ్ లేదని తేలితే తప్పు డైనమోదా, డబ్బాదా? దీనికి చక్కని పరీక్ష ఉంది. డైనమో మీది రెండు తీగలూ విప్పాలి. రెండు కొసలనూ చిన్న తీగతో కలిపి, అక్కడికీ బాడీకీ మధ్య మీటరు పెట్టాలి. ఇప్పుడు డైనమోకి పగ్గం లేదు. ఇంజిన్ వేగం మెల్లగా పెంచితే వోల్టేజి తడబడకుండా గబగబా ఎక్కాలి. 20 దాటనివ్వకూడదు, నిమిషానికి వెయ్యి చుట్ల వేగం చాలు. అలా ఎక్కితే డైనమో నిర్దోషి, తప్పు డబ్బాలోనో తీగల్లోనో ఉంది. అర వోల్టు, ఒక వోల్టు దగ్గరే ఆగిపోతే మిగులు అయస్కాంతం ఒక్కటే పనిచేస్తోందని, ఫీల్డ్ చుట్ట తెగిందని అర్థం. నాలుగైదు వోల్టుల దగ్గర ఆగితే ఆర్మేచర్‌ని అనుమానించాలి. అసలు కదలకపోతే ముందు కార్బన్లు చూడాలి. ఒక్క తీగ ముక్కతో ఇంత స్పష్టమైన జవాబు ఇచ్చే పరీక్ష మరొకటి దొరకదు. అయినా చాలాచోట్ల డైనమో, డబ్బా రెండూ ఒకేసారి మార్పించి రైతు చేత డబ్బు పెట్టిస్తున్నారు.

డాష్‌బోర్డు మీది ఆంపియర్ మీటర్‌ని చదవడంలోనూ పొరపాటు జరుగుతుంది. స్టార్ట్ చేయగానే ముల్లు ప్లస్ వైపు బాగా జరిగి, కాసేపటికి మెల్లగా సున్నా దగ్గరికి వస్తుంది. "ఛార్జింగ్ తగ్గిపోయింది" అని కంగారుపడతారు. వాడుకున్నది పూడింది, తొట్టి నిండింది, అంతే. ఎంతసేపు నడిచినా ముల్లు ప్లస్ వైపే నిలబడి ఉంటేనే ఆలోచించాలి. లైట్లు వేసినప్పుడు, ఇంజిన్ వేగం పెంచినా మైనస్ వైపే ఉండిపోతే డైనమో వంతు రావడం లేదు.

డైనమో స్థానంలో ఆల్టర్నేటర్

అమెరికాలో 1960లో క్రైస్లర్ వేలియంట్ కారుతో ఆల్టర్నేటర్లు మామూలు బండ్లలోకి వచ్చాయి, క్రమంగా ట్రాక్టర్లకీ చేరాయి. డైనమోలో తిరిగే చుట్ట కరెంటు పుట్టిస్తే, ఇందులో అయస్కాంతం తిరుగుతుంది, చుట్ట నిలబడి ఉంటుంది. దిక్కు సరిచేసే పని కమ్యుటేటర్ బదులు సిలికాన్ డయోడ్లు చేస్తాయి. అవి కరెంటుని వెనక్కి పారనివ్వవు కాబట్టి కటౌట్ అవసరమే తప్పింది. తిరిగే భాగం గట్టిది, అందుకే చిన్న పుల్లీతో వేగంగా తిప్పవచ్చు. ఇంజిన్ నెమ్మదిగా నడుస్తున్నా ఛార్జింగ్ అందుతుంది. రాత్రి లైట్లతో పనిచేసే ట్రాక్టర్‌కి ఇది నిజమైన మేలు. అరిగిన డైనమో మీద మళ్లీ మళ్లీ డబ్బు పోసే బదులు ఈ మార్పు చేసుకోవడం చాలామందికి లాభమే.

కానీ ఆల్టర్నేటర్ డైనమో అంత ఓర్చుకోదు. బ్యాటరీని ఒక్క క్షణం తిరగేసి తాకించినా డయోడ్లు కాలిపోవచ్చు. ప్లస్ ఎర్త్ ఉన్న పాత బండికి బిగించే ముందు ఎర్త్‌ని మైనస్‌కి మార్చాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ విప్పి "ఛార్జింగ్ ఉందో లేదో" చూసే అలవాటు డైనమోకే మంచిది కాదు, ఆల్టర్నేటర్‌నైతే వెంటనే చంపుతుంది. ట్రాక్టర్ బాడీకో, తగిలించి ఉన్న ట్రాలీకో వెల్డింగ్ చేయించే ముందు బ్యాటరీ తీగలు, ఆల్టర్నేటర్ తీగలు విప్పించాలి. చాలా ఆల్టర్నేటర్లకు మొదటి అయస్కాంతం కోసం కావాల్సిన చిన్న కరెంటు డాష్‌బోర్డు ఎర్రలైటు గుండానే వస్తుంది. ఆ బల్బు మాడిపోతే ఛార్జింగ్ మొదలుకాకపోవచ్చు. పాత ఆంపియర్ మీటర్, దాని తీగలు 20, 30 ఆంపియర్లకు తట్టుకునేలా చేసినవి. 36 ఆంపియర్లో అంతకు మించో ఇచ్చే కొత్త యంత్రం వాటిని వేడెక్కిస్తుంది. కాబట్టి ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి లావు తీగ కొత్తది వేయించి, మీటర్ స్థానంలో వోల్ట్ మీటర్ పెట్టించుకోవాలి. అది 14 దగ్గర నిలబడి ఉందో లేదో డ్రైవరు సీటు మీద నుంచే రోజూ చూసుకోవచ్చు.